గాలికి భయపడ్డం జోకు కాదు: టాకింగ్ హెడ్స్ 'ఫియర్ ఆఫ్ మ్యూజిక్' గురించి

పోయిన నెల మా పిన్ని కొడుక్కి టాకింగ్ హెడ్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండు చేసిన ఈ ఆల్బం లింకు పంపించా. హైదరాబాద్‌లో ఉంటాడు, డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు, వాడికి మంచి చెవి ఉంది. రెండ్రోజులు పోయాక వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నయ్యా, బేస్ మటుకు అదిరిపోయింది, డ్రమ్స్ కూడా. కానీ ఈయనకి గాలి అంటే భయమేంటి? కాగితం మీద పాటేంటి? జంతువులు మనల్ని చూసి నవ్వుకుంటున్నాయంటాడేంటి? ఇదంతా కామెడీకి పాడుతున్నాడా, సీరియస్సేనా?"

సీరియస్సేరా అని ఒక్క ముక్కలో చెప్పేశా. కానీ ఆ ప్రశ్న బుర్రలోంచి పోలేదు, ఎందుకంటే ఈ ఆల్బంని నెత్తిన పెట్టుకునేవాళ్ళు కూడా చాలామంది దీన్ని ఒక తెలివైన ఆట కింద లెక్కేస్తారు. ఆర్ట్ స్కూల్లో చదివిన పిల్లలు, మెడ దాకా గుండీలు పెట్టుకున్న సింగరు, చిన్నచిన్న వస్తువుల మీద విడ్డూరమైన పాటలు, పైన ప్రొడ్యూసర్ బ్రయాన్ ఈనో చేసిన సౌండు మాయ, ఇదీ వరస. మెచ్చుకోలే, కాదనను, కానీ ఆ మెచ్చుకోలు వెనకాల ఎక్కడో "భలే వింత మనిషి" అన్న చిరునవ్వు ఉంటుంది. ఆ చిరునవ్వు నాకు అస్సలు మింగుడుపడదు. ఆ సింగరు డేవిడ్ బర్న్ ఇందులో దేనికి భయపడుతున్నానంటే దానికి నిజంగానే భయపడుతున్నాడు అనుకుని వినాలి. అలా విన్నప్పుడే పదకొండు పాటలూ ఒకే మనిషి ఒకే ఊళ్ళో గడిపిన ఒకే రోజు కింద కలిసొస్తాయి. అదే ఇక్కడ చెప్పాలని.

కాలికింద ఇనప రేకు

ముందు ఆ అట్ట సంగతి. ఎల్పీ అట్ట మొత్తం నలుపు, ఫొటో లేదు బొమ్మ లేదు, ఒక పక్కన ఆకుపచ్చ అక్షరాలు, అంతే. కానీ చేతిలోకి తీసుకుంటే వేళ్ళకి తగుల్తుంది, అట్టంతా ఉబ్బెత్తు గళ్ళు. బ్యాండ్‌లో కీబోర్డూ గిటారూ వాయించే జెర్రీ హారిసన్ డిజైన్ చేశాడు దాన్ని. ఫోన్‌లో చూస్తే నల్ల చదరం తప్ప ఏం కనపడదు కాబట్టి ఇప్పుడు వినేవాళ్ళకి ఇది తెలిసే అవకాశమే తక్కువ.

న్యూయార్క్‌లో నడిచినవాళ్ళు ఆ గళ్ళని వెంటనే గుర్తుపడతారు. అక్కడ కిరాణా షాపుల ముందు, రెస్టారెంట్ల ముందు ఫుట్‌పాత్‌లోనే ఇనప తలుపులుంటాయి, సరుకు కిందికి సెల్లార్‌లోకి దించుకోడానికి. కాలు జారకుండా ఆ రేకు మీద ఇవే గళ్ళు. పొద్దున పూట ఒక తలుపు తీసి ఉంటుంది, లోపల ఏటవాలుగా మెట్లు, అడుగున ట్యూబ్‌లైటు, కూరగాయల పెట్టెలు మోసే కుర్రాడి తల మాత్రం కనపడుతుంటుంది. మూసి ఉన్నప్పుడు దాని మీద అడుగేస్తే దభ్ మని చప్పుడొస్తుంది, కింద బోలు అని తెలిసిపోతుంది. నేను ఆఫీసుకి వెళ్ళేటప్పుడు వాటి పక్కనించే నడుస్తా. చాలామంది అలాగే నడవడం చూశా, ఫోన్ చూసుకుంటూ కూడా సరిగ్గా అక్కడికి రాగానే ఒక అడుగు పక్కకేస్తారు. ఎవరూ ఆగి భయపడరు, ఆ భయం గురించి ఎవరితోనూ మాట్లాడరు, కాలు తనంతట తానే పక్కకి పోతుంది. ఈ ఆల్బం మొత్తం ఆ అడుగు గురించే అని నాకనిపిస్తుంది.

పాటల్లో చాలా భాగం రికార్డయ్యింది కూడా మామూలు స్టూడియోలో కాదు. డ్రమ్మర్ క్రిస్ ఫ్రాంట్జ్, బేస్ వాయించే టీనా వేమౌత్ భార్యాభర్తలు, వాళ్ళుండే లాఫ్ట్‌లో (పాత ఫ్యాక్టరీ అంతస్తుని ఇల్లు చేసుకున్నది), న్యూయార్క్ క్వీన్స్‌లో లాంగ్ ఐలాండ్ సిటీ అనే పేటలో, 1979 ఏప్రిల్, మే నెలల్లో. రికార్డింగ్ వ్యాను కింద వీధిలో పెట్టి కిటికీలోంచి కేబుళ్ళు లాగారు. ఇప్పుడక్కడన్నీ అద్దాల టవర్లు, మనవాళ్ళు కూడా బానే ఉంటున్నారు, అప్పుడు ఫ్యాక్టరీలూ గోడౌన్లూ. నగరం 1975లో దివాలా అంచుదాకా వెళ్ళొచ్చింది, 1977 జూలైలో కరెంటు పోయిన రాత్రి ఊరంతా షాపులు దోచుకున్నారు. ఇక వీళ్ళు రికార్డింగ్ మొదలుపెట్టడానికి దాదాపు నెల ముందు, మార్చి 28న, పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. దాన్ని చూసే గాలి మీద పాట రాశాడని నేననను. కానీ ఆ వసంతంలో ఆ చుట్టుపక్కల బతుకుతున్నవాళ్ళకి గాలి గురించి భయపడ్డం వింతగా తోచి ఉండదు.

కాగితం

'పేపర్' అనే పాటని పట్టుకుందాం, ఎందుకంటే మా తమ్ముడికి అన్నిటికన్నా వింతగా అనిపించింది ఇదే. కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకో అంటాడు, దాన్ని వదలకు, గట్టిగా పట్టుకో అంటాడు. ఇదంతా కాగితం మీద పట్టదేమో అని కూడా అంటాడు. ఆ కాగితంలో ఏముందో మాత్రం సరిగ్గా చెప్పడు.

మా ఇంట్లో బీరువా పై అరలో ఒక ప్లాస్టిక్ ఫోల్డరుంది. అందులో మా ఇద్దరి ఐ-797 ఒరిజినల్స్ (వీసా ఆమోదం నోటీసులు), ప్రతి ప్రయాణం తర్వాత తీసిన ఐ-94 ప్రింటౌట్లు (అమెరికాలోకి వచ్చినట్టు రికార్డు), డిగ్రీ సర్టిఫికెట్లు, నా బర్త్ సర్టిఫికెట్లో పేరు లేదు కాబట్టి అమ్మా నాన్నా నోటరీ చేయించి పంపిన అఫిడవిట్లు. ఇండియాకి టికెట్లు బుక్ చేసిన దగ్గర్నుంచీ ఆ ఫోల్డరు డైనింగ్ టేబుల్ మీదకొస్తుంది. ఒకసారి ఒక నోటీసు ఒరిజినలా కలర్ జిరాక్సా అని అనుమానమొచ్చింది. మా ఆవిడ దాన్ని లైటుకి ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది, తిప్పి చూసింది, వేలితో రుద్ది చూసింది, "ఏవండీ, మీరొకసారి చూడండి" అని నా చేతికిచ్చింది. ఈ పాట ఆవిడ ఎప్పుడూ వినలేదు.

బర్న్ వీసా గురించి రాశాడని కాదు నేననేది. స్కాట్లాండ్‌లో పుట్టి చిన్నప్పుడే అమెరికాలో పెరిగినవాడే, అయినా ఆ ముక్క పట్టుకుని మన కథ ఆయనకి అంటగట్టడం అన్యాయం. నేననేది వేరే. కాగితానికి భయపడ్డం అనే సంగతి విన్నప్పుడు నవ్వొచ్చిందంటే, ఆ నవ్విన మనిషి బతుకు ఎప్పుడూ ఒక కాగితం మీద ఆధారపడలేదని అర్థం. ఆధారపడినవాడికి అది ఉన్నదున్నట్టు చెప్పిన మాట. భయం ఎప్పుడూ పెద్ద విషయాన్ని పట్టుకుని ఉండదు, ఉద్యోగం పోతుందేమో అన్న భయం రాత్రి పదకొండింటికి వచ్చి ఆ నోటీసులో ఇంటిపేరు స్పెల్లింగు మీద కూర్చుంటుంది. మనిషి ఆ స్పెల్లింగే చూస్తుంటాడు, పక్కనున్నవాళ్ళకి అది పిచ్చిగా కనపడుతుంది.

పాటల పేర్లు చూడండి, చాలావరకు ఒక్కో మాట. మైండ్, పేపర్, సిటీస్, ఎయిర్, హెవెన్, ఆనిమల్స్, డ్రగ్స్. కంగారులో ఉన్న మనిషి నిద్ర పట్టక మనసులో వేసుకునే లిస్టు అచ్చం ఇలాగే ఉంటుంది.

"ఏం కాదులే"

'ఎయిర్' గురించి ఇప్పుడు ఎవరు మాట్లాడినా కోవిడ్ సంగతి ఎత్తుతారు. 2020లో మనం సంచి బయటే పెట్టి, లిఫ్టులో ఊపిరి బిగబట్టి, గాలికి భయపడి బతికాం కదా, ఈయన 1979లోనే చెప్పాడు చూశారా అని. నేనూ 2023 జూన్‌లో ఒక రోజు ఆ పాట గురించే ఆలోచించా, కెనడా అడవుల పొగ వచ్చి న్యూయార్క్ ఆకాశం నారింజ రంగులోకి తిరిగిన రోజు. మధ్యాహ్నం పూట వీధి లైట్లు వెలిగాయి, మా బిల్డింగులో వాచ్‌మన్ మాస్కు పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి లోపలికొచ్చే ప్రతివాళ్ళనీ "త్వరగా, త్వరగా" అని తొందరపెట్టాడు.

అయినా సరే, ఈ జోస్యం వాదన నాకు పడదు. జరగబోయేది ముందే చెప్పాడు కాబట్టి గొప్ప పాట అంటే, అదేదీ జరక్కపోయుంటే ఇది పిచ్చోడి పాట అయ్యేదన్నమాట. అలా కాదు. పొగ లేని రోజు, వైరస్ లేని రోజు, ఆకాశం శుభ్రంగా ఉన్న రోజు కూడా ఆ పాటలో మనిషికి గాలి తగిలితే నొప్పే. అసలు సంగతి ఒక లైన్లో ఉంది. గాలి గురించి దిగులు పడొద్దని కొంతమంది అంటారు, కొంతమందికి గాలితో అనుభవమే లేదు, అంటాడు. ఈ లైను చదివి నవ్వేవాళ్ళున్నారు. నాకు అది చాలా కోపంగా, చాలా న్యాయంగా వినపడుతుంది. కంగారు మనిషికి జీవితాంతం తగిలే మాట ఒకటుంది, "ఏం కాదులే, నువ్వు ఊరికే ఎక్కువ ఆలోచిస్తావ్." అందరూ ప్రేమతోనే అంటారు. అమ్మ అంటుంది, ఫ్రెండ్సు అంటారు, మేనేజరు అంటాడు. దానికి జవాబు దొరకదు, ఎందుకంటే తొంభై తొమ్మిదిసార్లు నిజంగానే ఏం కాదు. కానీ ఆ తొంభై తొమ్మిదిసార్లూ పడ్డ కష్టం మాత్రం కష్టమే కదా. మీకు గాలితో అనుభవం లేదు, నాకుంది, అని ఆ పాట చెప్తోంది. ఇందులో జోకెక్కడుంది?

వెనకాల టీనా, వాళ్ళ అక్కచెల్లెళ్ళు కోరస్ పాడతారు, ఎంత తియ్యగా ఉంటుందో. ఆ తీపి కూడా ఎగతాళి అని అంటారు కొందరు. నాకు అది "ఏం కాదులే" అనేవాళ్ళ గొంతులాగే వినపడుతుంది, చల్లగా, ప్రేమగా, కొంచెం కూడా ఉపయోగం లేకుండా.

భయం కాళ్ళలోకి దిగితే

ఇక అందరూ ఎత్తే పెద్ద వాదన. 'లైఫ్ డ్యూరింగ్ వార్‌టైమ్'లో ఇది పార్టీ కాదు, డిస్కో కాదు, డాన్సుకి టైం లేదు అని పాడుతుంటాడు, వెనకాల మ్యూజిక్కేమో కాళ్ళు ఆగనివ్వదు. మాటకీ పాటకీ పొత్తు లేదు కాబట్టి ఇదంతా వెటకారమే అని. మా తమ్ముడు కూడా దాదాపు ఇదే అడిగాడు, భయం గురించి పాడుతూ ఇంత గ్రూవ్ ఎందుకన్నయ్యా అని.

నాకు ఇందులో వైరుధ్యమే కనపడదు. మా నాన్నకి గుంటూరులో గుండె ఆపరేషన్ జరిగిన రోజు మా బాబాయి ఆస్పత్రి వరండాలో ఆ చివర్నించి ఈ చివరికి నడుస్తూనే ఉన్నాడు. "కూర్చో బాబాయ్" అంటే కూర్చున్నాడు, రెండు నిమిషాల్లో మళ్ళీ లేచాడు. కాసేపటికి ఆ నడక ఒక లయలో పడిపోయింది, ఆ చివర స్తంభం దగ్గర అరచేత్తో ఒక దెబ్బ, ఈ చివర కిటికీ ఊచ మీద ఒక దెబ్బ. ఆయన మామూలుగా నెమ్మదైన మనిషి. ఆయన్నలా చూసినప్పుడు తెలిసింది నాకు, భయం బుర్రలో పట్టక పొంగితే కాళ్ళలోకే దిగుతుందని. టీనా బేసూ, క్రిస్ డ్రమ్సూ చేసేది అదే. టీనా అదే మూణ్ణాలుగు స్వరాల దగ్గర పచార్లు చేస్తుంటుంది, క్రిస్ ఎక్కడా తొందరపడడు, ఎక్కడా ఆగడు. పైన ఆ గొంతు ఎంత వణికినా కింద వాళ్ళిద్దరూ నిలబెడతారు. ఆల్బం గురించి రాసేటప్పుడు బర్న్, ఈనోల గురించే పేజీలు పేజీలు రాసి వీళ్ళని రెండు వాక్యాల్లో తేల్చెయ్యడం నాకు బాధగా ఉంటుంది. వాళ్ళే లేకపోతే ఇది ఒక మనిషి గదిలో కూర్చుని చేసుకున్న ఫిర్యాదు అయ్యేది. వాళ్ళ వల్లే వీధి అయ్యింది.

1983 డిసెంబర్‌లో తీసిన వాళ్ళ కచేరీ సినిమాలో ఈ పాటకి బర్న్ స్టేజీ చుట్టూ పరుగెడతాడు, రౌండ్లు కొడతాడు. అందరూ దాన్ని హుషారుగా చూస్తారు. ఇంకోసారి మా బాబాయిని గుర్తుపెట్టుకుని చూశా నేను, వేరేగా కనపడింది.

ఇంకో విషయం. ఆ పాటలో ఇది మడ్ క్లబ్ కాదు, సీబీజీబీ కాదు అంటాడు, రెండూ న్యూయార్క్ క్లబ్బులే. సీబీజీబీ అంటే వీళ్ళు 1975లో మొట్టమొదట స్టేజీ ఎక్కిన క్లబ్బు. ఊళ్ళో తనకి తెలిసిన, తను ఆడిపాడిన చోటు పేరే పెట్టి అది ఇక లేదనుకో అంటున్నాడు. అప్పట్లో ఆయన న్యూయార్క్‌లోనే ఆల్ఫాబెట్ సిటీ అనే పేటలో ఉండేవాడు, పత్రికల యజమానుల ఇంటి అమ్మాయి ప్యాటీ హర్స్ట్ కిడ్నాపు, జర్మనీలో బాడర్-మైన్‌హోఫ్ తీవ్రవాద ముఠా లాంటివి తన బుర్రలో ఉన్నాయని తనే చెప్పాడు. అన్నిటికన్నా నాకు నమ్మకం కలిగించేది మాత్రం అందులో పీనట్ బటర్. కొన్ని సరుకులున్నాయి, కాస్త వేరుశెనగ వెన్న ఉంది, రెండ్రోజులకి సరిపోతాయి అని లెక్కేసుకుంటాడు. యుద్ధం మీద వెటకారం రాసేవాడికి ఆ సరుకులు ఎన్ని రోజులొస్తాయో అక్కర్లేదు. నిజంగా భయపడ్డవాడే రోజులు లెక్కపెడతాడు.

దీని ముందొచ్చే 'సిటీస్' కూడా అంతే. ఎక్కడుందామా అని ఊళ్ళు వెతుక్కుంటుంటాడు, ఒక్కోదాని మంచీ చెడూ బేరీజు వేసుకుంటూ. లండన్ పగలే చీకటిగా ఉంటుంది, బర్మింగ్‌హామ్‌లో డబ్బున్నవాళ్ళెక్కువ, మెంఫిస్‌ని మర్చిపోయానేంటి, ఇలా. ఇక్కడ మన తెలుగువాళ్ళు ఏ శనివారం భోజనాలకి కలిసినా సాంబారు వడ్డించేలోపు ఇదే మొదలవుతుంది. డల్లాస్ పోదామా, ఇళ్ళు పెద్దవి కానీ ప్రాపర్టీ టాక్స్ ఎక్కువ. షార్లట్ అయితే చౌక, కానీ ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుందా. బే ఏరియాలో ఉద్యోగాలున్నాయి, ఇల్లు కొనలేం. గుడి ఎంత దూరం, స్కూలు రేటింగెంత, ఇండియన్ స్టోరుందా, హైదరాబాద్‌కి ఫ్లైటు ఒక్క స్టాపేనా. ఏళ్ళ తరబడి ఇదే చర్చ, మనుషులు మారతారు, ఊళ్ళ పేర్లు మారతాయి. ఎవరికీ ఏ ఊరి మీదా ప్రేమ లేదు, కాస్త నిదానంగా బతకగలిగే చోటు ఎక్కడైనా ఉందా అన్న వెతుకులాటే. ఆ పాట దూరం నుంచి దగ్గరికొస్తున్నట్టు మొదలై, పాడుతుండగానే మళ్ళీ దూరంగా వెళ్ళిపోతుంది. ఊరేదో తేలదు.

ఏమీ జరగని చోటు

'హెవెన్' గురించి నేను ఇంకాస్త గట్టిగా వాదిస్తా. స్వర్గం అనే బార్‌లో ఎప్పుడూ ఒకే పాట వాయిస్తారు, అందరూ ఒకే టైంకి వెళ్ళిపోతారు, ముద్దు అయిపోగానే మళ్ళీ అదే ముద్దు మొదలవుతుంది, స్వర్గమంటే ఎప్పుడూ ఏమీ జరగని చోటు. దీన్ని చాలామంది విసుగు మీద వేసిన చురక అంటారు, స్వర్గం కూడా బోరేనన్నమాట అని.

మా అమ్మకి ఆదివారం ఫోన్ చేస్తా. "ఏంటమ్మా విశేషాలు?" అంటే "విశేషాలేముంటాయి నాన్నా, మామూలే" అంటుంది. దూరంలో ఉండి, తల్లిదండ్రులకి డెబ్బై దాటాక, ఆ మామూలే అనే జవాబు వినగానే ఒళ్ళంతా ఎలా వదులవుతుందో అనుభవించినవాళ్ళకి తెలుసు. తెల్లవారుజామున మూడింటికి ఇండియా నంబరు మోగితే ఆ రింగు రెండోసారి మోగేలోపు ఎన్ని ఆలోచనలొస్తాయో కూడా వాళ్ళకి తెలుసు. ఏమీ జరగకపోవడం విసుగు అనిపించేది భయం లేనివాళ్ళకి. ఈ ఆల్బంలో మొదటి ఏడు పాటలూ దాటి, 'మెమరీస్ కాన్ట్ వెయిట్'లో బుర్రలో ఎప్పటికీ ఆగని ఆ పార్టీని దాటి, 'ఎయిర్' దాటి ఈ పాట దగ్గరికి వచ్చినవాడికి, ఏమీ జరగని చోటు నిజంగానే స్వర్గం. పాటల వరసే దీనికి సాక్ష్యం. ఇందాక చెప్పిన సినిమాలో దీన్ని ఖాళీ స్టేజీ మీద బర్న్ గిటారు, టీనా బేస్ పట్టుకుని ఇద్దరే నిలబడి వాయిస్తారు. ఆయన ముఖం చూడండి. ఆశగా పాడుతున్నాడు.

ఇది ఎవరి భయం?

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే వాదన ఇంకోటుంది, దాన్ని దాటెయ్యడం ఇష్టం లేదు. ఆ డెబ్బైల్లో న్యూయార్క్‌లోనే సౌత్ బ్రాంక్స్‌లో బిల్డింగులకి బిల్డింగులే తగలబడ్డాయి. అక్కడి నల్లజాతివాళ్ళు, ప్యూర్టోరికన్లు ఆ ఊరి భయాన్ని పాటల్లో ఊహించుకోలేదు, అందులోనే బతికారు. టాకింగ్ హెడ్స్ చదువుకున్న తెల్ల పిల్లలు, చవగ్గా వస్తుందని పాత ఫ్యాక్టరీ పేటల్లో లాఫ్టులు తీసుకున్నవాళ్ళు, వద్దనుకుంటే వెళ్ళిపోగలవాళ్ళు. పైగా వాళ్ళ గ్రూవ్ వచ్చింది ఫంక్ నుంచి, డిస్కో నుంచి, ఆఫ్రికా సంగీతం నుంచి. నిజమైన భయం ఒకళ్ళది, ఆ లయ ఇంకొకళ్ళది, పేరు వీళ్ళది, అంటే ఏం చెప్తాం?

కొంతవరకూ ఒప్పుకోవాల్సిందే. నా మటుకు 'వార్‌టైమ్' ఎంత మంచి పాటైనా ఈ వాదన ముందు కాస్త తగ్గుతుంది, అది అరువు తెచ్చుకున్న ప్రమాదం. కానీ 'పేపర్', 'ఎయిర్', 'మైండ్' తగ్గవు, ఎందుకంటే వాటిలో బర్న్ ఎవరి కష్టాన్నీ తనదని చెప్పుకోలేదు. నాకేదో పెద్ద అన్యాయం జరిగిందనడు. కారణం చూపించలేని భయం ఇది అని అలాగే ఉంచేశాడు. 'మైండ్'లో ఎదుటి మనిషి మనసు కాలం మార్చదు, డబ్బు మార్చదు, మందులు మార్చవు, మతం మార్చదు అని ఒక్కోటీ కొట్టేసుకుంటూ పోతాడు, తనవైపు బలమైన కారణం ఏదీ ఉన్నట్టు నటించడు.

మొదటి పాట 'ఐ జింబ్రా' కూడా ఇందుకే అక్కడుందని నేననుకుంటా. హ్యూగో బాల్ అనే డాడాయిస్టు కవి (అర్థాన్నే కావాలని వదిలేసిన కళా ఉద్యమం అది) మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో రాసిన, అర్థం లేని శబ్దాల కవితే దానికి సాహిత్యం. కింగ్ క్రిమ్సన్ బ్యాండ్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ ఇందులో గిటారు వాయించాడు. ఈ ఒక్క పాటలో బర్న్ గొంతు వేరే గొంతుల్లో కలిసిపోతుంది, ఏం చెప్తున్నారో తెలీదు, అయినా అందరూ కలిసి చెప్తున్నారు. తర్వాత రెండో పాట నుంచీ మాటలొస్తాయి, మనిషి ఒంటరివాడవుతాడు.

ఆనిమల్స్, ఆ తర్వాతి ఆల్బం

'ఆనిమల్స్' మీద నా దగ్గర పూర్తి జవాబు లేదు. జంతువులు మనకి సాయం చెయ్యవు, చెడ్డ ఉదాహరణగా ఉన్నాయి, మనల్ని చూసి నవ్వుకుంటున్నాయి అని అరుస్తాడు. అది నవ్వించే పాటే, వాళ్ళకీ తెలుసు. అయినా అందులో తాళం మామూలుగా నడవదు, తడబడుతుంది, పాడేకొద్దీ ఆ గొంతు గీరుకుపోతుంది, నవ్వు మొదలైన చోటే ఉండదు. మూడో నిమిషానికి నాకు నవ్వు రాదు. 'ఎలక్ట్రిక్ గిటార్' అయితే నాకు ఇప్పటికీ ఆల్బంలో బలహీనమైన పాటే, గిటారుని కారు తొక్కెయ్యడం, కోర్టు, తీర్పు, అదంతా కూర్చుని అల్లినట్టుంటుంది, భయపడి రాసినట్టుండదు.

'రిమైన్ ఇన్ లైట్' దీనికన్నా గొప్పదని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. 1980లో ఈనోతోనే చేశారు, సంగీతం దృష్టితో చూస్తే అదే పెద్ద అడుగు, పాటలు పొరలు పొరలుగా ఉంటాయి, ఒక్కోదాంట్లో ఎంతమంది వాయిస్తున్నారో లెక్క తేలదు. నేనూ అది చాలా వింటా. కానీ అందులో మనిషి ఆ లయలో కరిగిపోతాడు, కరిగిపోవడమే అక్కడ విడుదల. 'ఫియర్ ఆఫ్ మ్యూజిక్'లో విడుదల లేదు. చివరి పాట 'డ్రగ్స్' నెమ్మదిగా, ఖాళీ ఖాళీగా, మధ్యమధ్యలో ఏవో పిట్టల అరుపులతో నడుస్తుంది, ఆయన ఊపిరి ఆడనట్టు పాడతాడు, పాడే ముందు అక్కడే పరుగెత్తి ఆయాసం తెచ్చుకున్నాడని చెప్తారు. దాన్తో అయిపోతుంది. నాకు నచ్చేది ఇదే, ఆయన భయాన్ని ఎవరూ తగ్గించలేదు, మందు ఇవ్వలేదు, గుంపులో కలిపెయ్యలేదు, నలభై నిమిషాల పాటు ముగ్గురు స్నేహితులు పక్కన నిలబడి తాళం తప్పకుండా వాయించారు.